బెంగ భత్యం

ఉద్యోగం మీద ఊళ్లు తిరిగేవాడి ఖర్చు ప్రతిదానికీ మన దేశంలో ఒక లెక్క ఉంది. బస్సు టిక్కెట్టుకి ప్రయాణ భత్యం, ఇడ్లీకి దినభత్యం, లాడ్జి గదికి బిల్లు, ఆటోకి వోచరు. చొక్కా ఇస్త్రీకి కూడా ఒక గడి కేటాయించిన కంపెనీలున్నాయి. ఆ టీఏ ఫారం మొదటి గడి నుంచి చివరి సంతకం దాకా భూతద్దం పెట్టి వెతకండి, పెళ్లాం పిల్లల మీద బెంగకి చోటు లేదు. రాత్రి పదింటికి లాడ్జి మంచమ్మీద వెల్లకిలా పడి ఫ్యాను రెక్కలు చూస్తూ ఉద్యోగి పడే అవస్థని ఏ పద్దు కింద రాయాలి? ‘ఇతరములు’ అని రాస్తే అకౌంట్స్ వాళ్లు ఎర్రసిరాతో కొట్టేస్తారు. కనుక బెంగ భత్యం అనే కొత్త భత్యాన్ని తక్షణం ప్రవేశపెట్టాలనీ, గోదావరి డెల్టా నుంచే మొదలుపెట్టాలనీ డిమాండు చేస్తున్నాను.

డెల్టాయే ఎందుకని అడుగుతారేమో. 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పూర్తిచేసి, కాలవలు తవ్వించి, కరువు నేలని అన్నం పెట్టే నేల చేశాడు. ఇక్కడివాడు అన్నం కోసం ఊరొదిలి పోనక్కర్లేకుండా చేశాడు. మనం ఆ అన్నం తిని, చదువుకుని, ఊరొదిలాం. భీమవరం కుర్రాడు రొయ్యల మేత కంపెనీ తరఫున ఒడిశా చెరువుగట్లమీద తిరుగుతున్నాడు. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఉత్తరాది మార్కెట్లలో పాత బాకీల కోసం పడిగాపులు కాస్తున్నాడు. పైగా కోనసీమవాడికి ఊరు దాటడమే ఒక తంతు. రెండువైపులా గోదారి పాయలు, మూడోవైపు సముద్రం. అమలాపురానికి రైలు తరాలుగా వస్తూనే ఉంది. కోటిపల్లి దగ్గర ఏట్లో స్తంభాలు కూడా లేచాయి కాబట్టి నమ్మకం పోగొట్టుకోవడం భావ్యం కాదు. అందాకా రావులపాలెం వంతెన మీద బస్సు గౌతమిని దాటుతుంటే కిటికీలోంచి రూపాయి బిళ్ల విసిరి దణ్ణం పెట్టుకోవాలి. ఆ రూపాయికీ రసీదు లేదు.

రేట్ల దగ్గర తొందరపడకూడదు. పిల్లల వయసుని బట్టి శ్లాబులుండాలి. ఏడాది పిల్ల ఉన్నవాడికి కనీస రేటు చాలు. వీడియో కాల్లో ఆ పిల్ల ఫోను అద్దాన్ని నాకుతుంది, ఇద్దరికీ తృప్తి. ఐదేళ్లవాడు ‘ఎప్పుడొస్తావు’ అనడు, ‘ఏం తెస్తున్నావు’ అంటాడు. వాడి తండ్రికి మధ్యస్థ రేటు. గరిష్ఠ రేటు ఇంటర్ చదివే కూతురున్న తండ్రికి. ‘తిన్నావా అమ్మా?’ ‘ఊఁ.’ ‘కాలేజీ ఎలా ఉంది?’ ‘ఊఁ.’ ‘సరే, అమ్మకివ్వు.’ అమ్మకివ్వు అన్న మాటకి మాత్రం ఆ పిల్ల గొంతులో చెప్పలేనంత ఉత్సాహం వస్తుంది. ఈ నష్టాన్ని పూడ్చడానికి ఎంతిచ్చినా తక్కువే.

వరద శ్లాబుకి మనం కష్టపడక్కర్లేదు, ప్రభుత్వమే తయారుచేసి పెట్టింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. బెంగని కొలవడానికి ఇంతకంటే శాస్త్రీయమైన సాధనం ప్రపంచంలో లేదు. మొదటి హెచ్చరికకి ఒకటిన్నర రెట్లు, రెండోదానికి మూడు రెట్లు, మూడోదానికి జీతంతో సెలవు, ఇంటికి చేరడానికి ఒక పడవ. గోదారి మధ్య లంకలో ఇల్లున్నవాడు ఏ బెంగళూరు లాడ్జిలోనో టీవీ ముందు కూచుని అడుగులు లెక్కపెట్టుకుంటుంటాడు. అక్కడ ఇంట్లో ఆవిడ బియ్యం బస్తా అటకెక్కించి, ఫ్రిజ్జు బల్లమీద పెట్టించి, గేదెని తోలుకెళ్లి ఏటిగట్టు మీద కట్టేసి, అత్తగారిని పడవెక్కించి, అప్పుడు ఫోనెత్తి, ‘ఏం పర్లేదండీ. మీరు భోంచేశారా?’ అంటుంది. ఈయన గంభీరంగా, ‘ఫ్రిజ్జు పైన పెట్టు’ అని సలహా ఇస్తాడు. 1986 వరద చూసిన తాతగారు పక్కనుంచి, ‘ఇదీ ఓ వరదేనేంట్రా?’ అంటాడు. ఈ తాతగార్లున్న ఇళ్లకి భత్యంలో కొంత కోత వెయ్యొచ్చు.

వరద వెంటే పులస. పుస్తెలమ్మైనా తినమన్నారు పెద్దలు. అవి అమ్మడానికి భర్త ఊళ్లో ఉండాలన్న షరతు పెట్టలేదు. సముద్రంలో ఇలసగా బతికే చేప, ఎర్రనీరు తగలగానే గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీది గోదారిలోకి వస్తుంది. సంసారపక్షం జీవి, టీఏ అడగదు. సరిగ్గా అదే వారం హెడ్డాఫీసువాళ్లు సంసారిని గోదారి దాటించి క్యాంపుకి తోలతారు. ఇంట్లో మట్టిదాకలో పులుసు మర్నాటికి ఊరుతుంటే, కన్నకొడుకు వాట్సాప్‌లో దాని ఫొటో పంపుతాడు. దీన్ని హింస నిరోధక చట్టాల్లో ఎందుకు చేర్చలేదో న్యాయకోవిదులు చెప్పాలి. సంక్రాంతికి ప్రత్యేక రేటు అక్కర్లేదు. ఆ మూడ్రోజులూ ఎవర్ని ఎక్కడికి పంపినా పని జరగదు.

భార్యల వాదన కూడా తీసుకున్నాను. తీసుకోకపోతే నాకు రాత్రి భోజనం ఉండదు. వాళ్లు చెప్పేదేమంటే, ఆయన క్యాంపులో ఉన్నన్నాళ్లూ కూర ఒకటి చాలు. రిమోటు పెట్టిన చోటే ఉంటుంది. పిల్లలు తొమ్మిదింటికే పడుకుంటారు. చిక్కంతా ఆయన దిగాక. సంచీ కింద పెట్టకుండానే, ‘ఈ కుర్చీ ఇక్కడికెందుకొచ్చింది? గ్యాసుబండ అప్పుడే అయిపోయిందా?’ అని తనిఖీ మొదలు. తెచ్చిన బట్టలు ఉతికి ఆరేసేలోపు మళ్లీ బస్సు టైమవుతుంది. కాబట్టి బెంగ భత్యంలో సగాన్ని ‘రాక భత్యం’ పేరుతో నేరుగా తమ ఖాతాలో వెయ్యాలని వాళ్ల కోరిక. న్యాయంగానే ఉంది. ముసాయిదాలో చేర్చాను.

అసలు చిక్కు ముసాయిదా రాస్తున్నప్పుడొచ్చింది. ‘ఉద్యోగి, అతని భార్య’ అని వరసగా రాసుకుపోతున్నాను. రాజోలు, నరసాపురం వైపు చాలా ఇళ్లలో క్యాంపుకెళ్లింది ఆవిడ. కువైట్, మస్కట్, దోహా. ఒక్కో క్యాంపు ఏళ్ల తరబడి. పరాయి పిల్లలకి స్నానాలు చేయించి, తినిపించి, జోకొట్టి, గిన్నెలు తోమి రాత్రి పదకొండింటికి కువైట్‌లో ఫోను తీస్తే ఇక్కడ ఒంటిగంటన్నర. తన పిల్లలు నిద్రలో ఉంటారు. అమ్మమ్మ లేచి, మొహాల మీద వెలుగు పడకుండా ఫోను వంచి చూపిస్తుంది. ఇంటిపనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకి ముప్పయ్యేళ్లు నిండాలని మన ప్రభుత్వం నియమం పెట్టింది. వాళ్ల క్షేమం కోసమే. మా వైపు ముప్పయ్యేళ్లంటే ఇంట్లో పిల్లలు సరిగ్గా బడికెళ్లే వయసు. కువైట్ కూడా 2015లో చట్టం చేసి, ఇంటిపనివాళ్లకి వారానికో రోజు విశ్రాంతి, ఏటా జీతంతో సెలవు రాసింది. చక్కగా అచ్చయిన కాగితం. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, యజమాని చేతిలో ఉన్నవాళ్లు ఆ కాగితాన్ని ఎవరికిచ్చి సంతకం పెట్టించుకోవాలో మాత్రం వివరంగా లేదు.

ఈ ఆడవాళ్లకి నేను ప్రతిపాదించిన శ్లాబులు వర్తింపజేసి చూశాను. ఖజానా చాలదు. ఆర్థిక శాఖ అభ్యంతరం చెప్పేలోపు నేనే ఈ వర్గాన్ని పథకం నుంచి మినహాయిస్తున్నాను. నాలుగు వారాలు ఏసీ బోగీలో తిరిగొచ్చేవాడికి ముందు న్యాయం జరగనివ్వండి. మిగతా వాళ్ల సంగతి రెండో దశలో కమిటీ చూసుకుంటుంది. కమిటీ సభ్యులకి టీఏ, డీఏ యథావిధిగా.

ఇక జతపరచవలసిన పత్రాలు. ఇంటికి చేసిన ఫోన్ల జాబితా, తినకుండా వదిలేసిన లాడ్జి భోజనం బిల్లు, ‘ఈయన నా మీదా పిల్లల మీదా నిజంగానే బెంగపెట్టుకున్నారు’ అని భార్య ఇచ్చిన ధ్రువపత్రం. ఈ మూడోదాని దగ్గరే కొంత ప్రతిఘటన ఎదురవుతోంది. నమూనా ఫారం చూపిస్తే మా వీధిలో ఒకావిడ చదివి, మడిచి, బియ్యం డబ్బా మీద పెట్టి, ‘ఆయ్, సంతకం పెడతానండి. ఆయన బెంగపడ్డ రోజుల్లోనే రాత్రి పన్నెండింటిదాకా ఆన్‌లైన్లో పేకాడినట్టుంది, ఆ గడి కూడా ఓటి వేయించండి’ అంది.