ఒట్టు తీసి గట్టున పెట్టిన ప్రాసిక్యూటర్ గారు

ఎన్నికల ముందు మాట ఇచ్చి ఎన్నికల తర్వాత తప్పినవాళ్ళ మీద నాకు పెద్దగా కోపం లేదండీ. "మాట తప్పను, మడమ తిప్పను" అని మైకు పట్టుకుని అరిస్తే చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళి పడుకోవడం మనకి అలవాటే. కానీ మాట ఇవ్వడమే కాకుండా, తప్పితే తనకి ఏ శిక్ష వేయాలో కూడా తనే రాసి, కింద సంతకం పెట్టి, ఆ తర్వాత చల్లగా తప్పిన మనిషి ఉన్నాడు చూడండి, ఆయన గుర్తొస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. పైగా ఆయన వృత్తి ఇతరులకి శిక్షలు వేయించడం.

పేరు కార్మెన్ ట్రుటానిచ్. ఊరు లాస్ ఏంజెలిస్. పదవి సిటీ అటార్నీ.

తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో. మన దగ్గర పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని సర్కారు నియమిస్తుంది. సర్కారు మారితే పీపీలు మారతారు, ఎవరు ఎవరి మనిషో కోర్టు క్యాంటీన్‌లో టీ అందించే కుర్రాడికి కూడా తెలుసు. అక్కడ ఆ మొహమాటం లేదు. ప్రాసిక్యూటరే నేరుగా జనంలోకి వెళ్ళి, చందాలు వసూలు చేసి, టీవీలో ప్రకటనలిచ్చి, "నేనైతే ఎక్కువమందిని లోపలేయిస్తాను" అని ఓట్లడుగుతాడు. గెలిచిన సిటీ అటార్నీ నగరపాలనకి లాయరు, అదే చేత్తో చిన్న నేరాలకి ప్రాసిక్యూటరు. హత్యలు, దోపిడీల వంటి పెద్ద కేసులన్నీ కౌంటీ (మన జిల్లా లాంటిది) డిస్ట్రిక్ట్ అటార్నీవి, అంటే డీఏవి. కాబట్టి సిటీ అటార్నీ కుర్చీ రైల్వే వెయిటింగ్ రూమ్ లాంటిది, అందులో కూర్చున్న ప్రతివాడి చూపూ ప్లాట్‌ఫాం మీదే. జేమ్స్ హాన్ 1985 నుంచి 2001 దాకా అందులో కూర్చుని మేయర్ రైలెక్కాడు. రాకీ డెల్గాడిల్లో 2006లో రాష్ట్ర అటార్నీ జనరల్ రైలెక్కబోయి ప్రైమరీ అనే తొలి రౌండులోనే జెర్రీ బ్రౌన్ చేతిలో ఓడి జారిపడ్డాడు. (ఈ డెల్గాడిల్లో గారి సంగతి ఇంకోటి ఉంది, చెప్తాను, ఆగండి.)

2009లో ట్రుటానిచ్ పోటీ జాక్ వైస్ అనే కౌన్సిల్ సభ్యుడితో. వైస్ మీద ఉన్న ప్రధాన ఆరోపణ ఏమిటంటే ఇతనికి ఈ పదవి మీద ప్రేమ లేదు, దీన్ని మెట్టుగా వాడుకుంటాడు అని. అప్పుడు మన హీరో ఒక ప్రతిజ్ఞాపత్రం బయటికి తీశాడు. నేను ఇక్కడే ఉంటాను, మధ్యలో వదిలేసి ఇంకో పదవికి పోటీ చేయను. చేస్తే నా సొంత డబ్బు లక్ష డాలర్లు బడిపిల్లల సాయంకాలపు కార్యక్రమానికి ఇస్తాను, అదీ చాలకపోతే పత్రికల్లో ఫుల్ పేజీ ప్రకటన వేయించి, నా ఫోటో పెట్టి, "నేను అబద్ధాలకోరుని" అని నేనే రాయిస్తాను. సంతకం. జనం ముచ్చటపడి గెలిపించారు. 2012 ఫిబ్రవరిలో ఆయన డీఏ పదవికి పోటీ చేస్తున్నట్టు ప్రకటించాడు. నాలుగేళ్ళ మొదటి టర్మ్ కూడా పూర్తి కాలేదు.

ఆ ఫుల్ పేజీని నేను మనసులో ఎన్నిసార్లు డిజైన్ చేశానో లెక్కలేదు. పత్రికాఫీసులో యాడ్స్ విభాగం, ఏసీ చల్లగా ఉంది, ప్రాసిక్యూటర్ గారు వచ్చి కూర్చున్నారు, ఎదురుగా కొత్తగా చేరిన కుర్రాడు.

"ఫోటో ఏది వేయమంటారు సార్? నవ్వుతున్నదా?"

"నవ్వుతూ నేను అబద్ధాలకోరుని అంటే బాగుంటుందా?"

"సీరియస్‌ది వేస్తే ఫుల్ పేజీలో శ్రద్ధాంజలి అనుకుంటారు సార్. పూలదండ లేదు గానీ, మిగతాదంతా అలాగే ఉంది."

"సరే, నవ్వేదే వేయి. 'నేను' అన్నది అంత పెద్దగా ఉండాలా?"

"ఎనభై పాయింట్లు సార్. మీరిచ్చిన కాగితం మీద సైజు రాయలేదు."

"అయితే 'నేను' పన్నెండు పాయింట్లు, 'అబద్ధాలకోరు' ఎనభై. పక్కన ఫోటో నా ప్రత్యర్థిది పెడితే ఏమవుతుంది?"

"లీగల్ వాళ్ళు ఒప్పుకోరు సార్."

"లీగల్ సంగతి నాకు చెప్తావా? ఒరేయ్ బాబూ, ఒకటి ఆలోచించు. నేను అబద్ధాలకోరునని నేనే చెప్పానంటే అది నిజమే కదా. నిజం చెప్పినవాడు అబద్ధాలకోరు ఎలా అవుతాడు? అంటే నేను నిజాయితీపరుణ్ణి. కింద 'నిజాయితీపరుడికే మీ ఓటు' అని వేసెయ్."

కుర్రాడు తలూపి ప్రూఫ్ తీసుకొస్తాడు. సార్ కళ్ళజోడు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి, ఒక కామా తీయించి, పండగ డిస్కౌంట్ ఏమైనా ఉందా అని అడుగుతారు. మా వైపు ఎమ్మెల్యేలకి పుట్టినరోజు శుభాకాంక్షల ఫుల్ పేజీలకి ఇస్తారుగా, అలా. ఆదివారం ఎడిషన్ అయితే రేటెక్కువ, చదివేవాళ్ళూ ఎక్కువ, కాబట్టి మంగళవారం లోపలి పేజీ, టైర్ల ప్రకటన పక్కన. ఇదంతా నా ఊహేనండీ. కానీ లక్షలమంది ఓటర్ల ముందు సంతకం పెట్టిన కాగితం నా ఊహ కాదు.

ఇంత తెగింపు ఎందుకంటే ఆశ. 2003లో శాన్‌ఫ్రాన్సిస్కో డీఏగా గెలిచిన కమలా హ్యారిస్ 2010లో రాష్ట్ర అటార్నీ జనరల్ అయింది, అప్పుడామె చేతిలో అంగుళం తేడాతో ఓడింది ఎవరో కాదు, లాస్ ఏంజెలిస్ డీఏ స్టీవ్ కూలీ, 2009లో ట్రుటానిచ్‌ని వెనకేసుకొచ్చిన పెద్దమనిషి. ఆ కూలీ 2012లో మళ్ళీ నిలబడనన్నాడు. కుర్చీ ఖాళీ. అయితే కూలీ ఈసారి తన దగ్గర పనిచేసే జాకీ లేసీకి మద్దతిచ్చాడు. అయినా మన సార్‌కి చందాలు దండిగా వచ్చాయి, గెలుపు గుర్రం ఆయనేనన్నారు. బ్యాలెట్ మీద పేరు కింద వృత్తి రాసుకునే చోట "లాస్ ఏంజెలిస్ చీఫ్ ప్రాసిక్యూటర్" అని రాసుకున్నాడు. చిన్న కేసులు చూసే మనిషి! కోర్టు కుదరదు పొమ్మంది. జూన్ ప్రైమరీలో లేసీ, అలన్ జాక్సన్ తర్వాత మూడోస్థానం, అంటే రెండో రౌండుకి కూడా రాలేదు. సరే, పాత కుర్చీ అయినా మిగులుతుందనుకుంటే 2013 మేలో మైక్ ఫ్యూయర్ దాన్నీ లాగేసుకున్నాడు. రెంటికీ చెడ్డ రేవడి.

ఇక్కడితో అయిపోతే నవ్వుకుని వదిలేసేవాణ్ణి. వదలనివ్వని సంగతి ఒకటుంది.

ఇదే మనిషి ఆఫీసు, ఇదే నాలుగేళ్ళలో, మాట నిలబెట్టుకోవడం గురించీ చట్టాన్ని గౌరవించడం గురించీ ఊరందరికీ పాఠాలు చెప్పింది. వలస పిల్లలకి చదువుకునే హక్కు కావాలని రోడ్డు మీద కూర్చున్న విద్యార్థులు, అంతకుముందు ఆఫీసుకి పిలిచి మందలించి పంపే రకం కేసులు, వాటికి క్రిమినల్ చార్జీలు పెట్టి జైలు అడిగింది. హాలీవుడ్‌లో ఆస్కార్ల ముందు ఒక భవనానికి అనుమతి లేకుండా ఎనిమిది అంతస్తుల సినిమా పోస్టరు వేలాడదీసిన వ్యాపారికి 10 లక్షల డాలర్ల బెయిలు అడిగింది. పోస్టరుకి!

2011లో బ్యాంకుల, ధనికుల పెత్తనం మీద లేచిన ఆక్యుపై ఉద్యమం వాళ్ళు సిటీ హాల్ ముందు పచ్చిక మీద రెండు నెలలు గుడారాలేసుకున్నారు. మొదట్లో నగర కౌన్సిల్ వాళ్ళకి మద్దతుగా తీర్మానం చేసింది, వాన పడితే మేయర్ ఆఫీసు రెయిన్‌కోట్లు పంచింది. నవంబరు 30 అర్ధరాత్రి దాటాక అదే నగరం వందలకొద్దీ పోలీసుల్ని దింపి దాదాపు 300 మందిని ప్లాస్టిక్ సంకెళ్ళేసి తీసుకెళ్ళింది. చెదిరిపోమంటే పోలేదన్న కేసుకి 5,000 డాలర్ల బెయిలు. కట్టలేనివాళ్ళు లోపలే. తర్వాత సిటీ అటార్నీ ఆఫీసు ఉదారంగా ఒక ఆఫర్ ఇచ్చింది: పాత కేసులు లేనివాళ్ళు 355 డాలర్లు కట్టి ఒక ప్రైవేటు కంపెనీ నడిపే క్లాసుకి వెళ్ళండి, కేసు పెట్టం. క్లాసులో ఏం చెప్తారయ్యా అంటే భావ ప్రకటనా స్వేచ్ఛ గురించి. మళ్ళీ చదవండి. బ్యాంకులు ఇళ్ళు లాక్కుంటున్నాయని అరిచిన మనిషి దగ్గర 355 డాలర్లు తీసుకుని, అరిచే హక్కు అతనికి ఎంతవరకుందో బోధిస్తారట. సిగ్గుండాలి. ఆ గుడారాల్లో సగంమందికి మూడువందల యాభై అంటే నెల సరుకులు. ఆ క్లాసు పెట్టిన ఆఫీసుకి అధిపతి ఎవరు? కొద్ది నెలల్లో తన సొంత భావ ప్రకటనని, సంతకంతో సహా, మింగేయబోతున్న పెద్దమనిషి.

డెల్గాడిల్లో సంగతి చెప్తానన్నాను కదా. 2007లో హోటళ్ళ వారసురాలు, టీవీ తార ప్యారిస్ హిల్టన్ సస్పెండైన లైసెన్సుతో కారు నడిపిందని ఆయన ఆఫీసు జైలు పట్టుబట్టి వేయించింది, కౌంటీ జైలు చూసే షెరీఫ్ మధ్యలో ఇంటికి పంపిస్తే చట్టం ముందు అందరూ సమానమే అని ఆయన మళ్ళీ కోర్టుకెళ్ళి వెనక్కి రప్పించాడు. ఆహా అనుకున్నాం. ఆ జూన్‌లోనే తేలిందేమిటంటే, 2004లో ఆయన శ్రీమతి సస్పెండైన లైసెన్సుతో నగరం ఆయనకిచ్చిన కారు నడిపి గుద్దేసింది. మరమ్మతు బిల్లు 1,222 డాలర్లు, కట్టింది నగరం ఖజానా. హిల్టన్ కోసం నేను కన్నీళ్ళు పెట్టను. కానీ 2017 దాకా కాలిఫోర్నియాలో ట్రాఫిక్ జరిమానా కట్టలేకపోతేనే లైసెన్సు పోయేది, లైసెన్సు పోయినా డ్యూటీకి కారులోనే వెళ్ళక తప్పని రాత్రి షిఫ్టు క్లీనర్లూ వంటవాళ్ళూ ఇదే నేరానికి ఇవే కోర్టుల్లో వరసల్లో నిలబడేవాళ్ళు. వాళ్ళ బిల్లు ఏ ఖజానా కట్టలేదు. డెల్గాడిల్లో సార్ మాత్రం సంగతి బయటపడ్డాక, మూడేళ్ళ తర్వాత, 1,222 డాలర్లు నగరానికి తిరిగి కట్టారు. ఏ క్లాసుకీ వెళ్ళమని ఎవరూ అన్నట్టు నేను వినలేదు.