ఆకుతో సహా

అల్లుడికి అన్నీ తెలుసని మా మామగారి నమ్మకం. పెళ్ళయి పన్నెండేళ్ళయినా ఆ నమ్మకం చెక్కుచెదరలేదంటే అందులో నా గొప్పేమీ లేదు. మా మధ్య అన్ని సముద్రాలున్నాయి, అంతే.

మొన్న వేసవిలో ఆయనా అత్తగారూ అంబాజీపేట నుంచి మా ఫ్రిస్కో వచ్చారు. డల్లాస్‌కి ఉత్తరాన, మనవాళ్ళు బాగా ఉండే శివారు ఊరు. గుడి చూపించాం. ఇండియన్ గ్రోసరీ చూపించాం. దాని ఎదురుగా ఉన్న ఇంకో ఇండియన్ గ్రోసరీ కూడా చూపించాం. ఇక చూపించడానికి అమెరికా మిగల్లేదు. "శనివారం సాయంత్రం మెక్సికన్‌కి వెళ్దామండీ" అన్నాను.

టెక్సాస్‌లో మెక్సికన్ హోటలంటే మన టిఫిన్ సెంటర్ లాంటిది, మలుపుకొకటి ఉంటుంది. మేం వెళ్ళింది డ్రైక్లీనింగ్ షాపుకీ, పళ్ళ డాక్టరుకీ మధ్యలో. లోపల పసుప్పచ్చ గోడలు, నెత్తిమీద రంగు కాగితాల తోరణాలు. "వినాయకుడి పందిట్లోకి వచ్చినట్టుందే" అన్నారు అత్తగారు, మా ఆవిడతో. ఆవిడ నాతో నేరుగా మాట్లాడరు. నాకు చెప్పాల్సిన మాటైనా మా ఆవిడ మీదుగానే వస్తుంది.

కూర్చున్నామో లేదో బుట్టెడు చిప్సూ, గిన్నెడు సాల్సా తెచ్చి పెట్టారు. "మనం ఇంకా ఏమీ చెప్పలేదు కదండీ" అని మామగారు కంగారు పడ్డారు. ఊరికే ఇస్తారన్నాను. అయిపోతే మళ్ళీ ఇస్తారన్నాను. ఆయన నమ్మలేక, పరీక్ష కోసం బుట్ట ఖాళీ చేశారు. రెండోది వచ్చింది. అత్తగారు సాల్సా నాలిక్కి రాసుకుని, "కాల్చిన టమాటా పచ్చడే. పోపు మర్చిపోయారు" అని తేల్చేశారు.

ఇక నాకు పూనకం వచ్చింది. మనం మన సొత్తు అనుకునే మిరపకాయ పుట్టింది మెక్సికోలోనేననీ, 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఓడల్లో తెస్తేనే మనకి తెలిసిందనీ, టమాటాదీ మొక్కజొన్నదీ కూడా ఆ వైపేననీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మామగారు శ్రద్ధగా విని, "అయితే మిరపకాయ వీళ్ళ ఆడపిల్లన్నమాట. మనింటికి కోడలుగా వచ్చింది. మనం మగపెళ్ళివారం, అందుకే అడక్కుండా పెడుతున్నారు" అన్నారు. ఇంత బాగా అర్థం చేసుకునే శ్రోత దొరికితే ఎవడు ఆగుతాడు?

అందరికీ బరిటో, అంటే కూర చుట్టిన రొట్టె, చెప్పి ఊరుకుంటే పోయేది. ఆరేళ్ళుగా నేను ఇక్కడ తినేది అదే. కానీ ఆ ఊపులో టమాలీలు చెప్పాను. ఒకసారి తలో వంటకం తెచ్చుకునే ఆఫీసు పాట్‌లక్‌లో తిన్నాను, మెత్తగా బాగున్నాయి. మొక్కజొన్న పిండిలో కూరో చీజో పెట్టి ఆవిరి మీద ఉడికిస్తారు.

శనివారం మామగారికి నీచు పనికిరాదు. నేను వెయిటరు కుర్రాణ్ణి వదల్లేదు. మాంసం ఉందా, కోడి ఉందా, చేప ఉందా, గుడ్డు ఉందా అన్నీ అయ్యాక అసలు ప్రశ్న వేశాను: పిండిలో పంది కొవ్వు కలిపారా? ఇది చాలామందికి తెలియదు. టమాలీ పిండిలోనూ, రీఫ్రైడ్ బీన్స్ అనే మెదిపిన గింజల కూరలోనూ చాలాచోట్ల అది పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు 'నో మీట్' అని చెప్పి, గింజలే కదా అని నిశ్చింతగా లాగించేస్తుంటారు. కుర్రాడు లోపలికెళ్ళి కనుక్కొచ్చి, చీజూ మిరపకాయలూ పెట్టిన వాటిలో నూనే వేస్తామని చెప్పాడు. మామగారు నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను. అదే ఆఖరు, ఆ రకం చూపు.

మనిషికి రెండేసి టమాలీలు వచ్చాయి. కుర్రాడు బల్ల మధ్యలో ఒక ఖాళీ ప్లేటు కూడా పెట్టి వెళ్ళాడు. దేనికో అనుకుని దాంట్లో చిప్స్ పోశాను.

మా ఆవిడ మూడేళ్ళ మా వాడి వెనకాల అక్వేరియం దగ్గర ఉంది. చాకుతో కోయబోతే టమాలీ తెగలేదు. రంపం కోసినట్టు కోసి ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. పైన ఏదో పొర. చాపని నములుతున్నట్టుంది. పాట్‌లక్‌లో ఇలా లేదే అనిపించింది గానీ, ఇది అసలుసిసలు మెక్సికన్ కాబోలనుకున్నాను. నమిలాను. సాల్సా పోసుకుని మింగాను.

పక్కన మామగారు కూడా నములుతున్నారు. ఆయనకి పై వరస కట్టుడు పళ్ళు.

"ఎలా ఉందండీ?"

"బ్రహ్మాండం అల్లుడుగారూ" అని, కాసేపు ఆగి, "పీచు పదార్థం మంచిదంటున్నారు కదా డాక్టర్లు" అన్నారు.

ఇద్దరం చెరో సగం టమాలీ సాధించేసరికి మా ఆవిడ వచ్చి కూర్చుంది. అత్తగారు అప్పటికే రెండూ తినేశారు. "మన పొట్టిక్కల్లాగే ఉన్నాయే అమ్మాయీ. పనసాకు బదులు మొక్కజొన్న పొత్తు మీది ఆకు పెట్టారు. వాసన పిండికి ఎంత బాగా పట్టిందో" అన్నారు. పొట్టిక్కలంటే మావైపు పనసాకు బుట్టల్లో ఉడికించే ఇడ్లీలు. ఆవిడ ప్లేటులో ఆకులు రెండూ విస్తరి మడిచినట్టు మడిచి ఉన్నాయి. తర్వాత భర్త ప్లేటు చూసి, "మీ ఆకేదండీ?" అన్నారు.

మామగారి బుగ్గలు ఆగిపోయాయి.

అంబాజీపేటలో పుట్టి, డెబ్బై ఏళ్ళుగా పొట్టిక్కలు తింటున్న మనిషి. ఆకు వలిచి తినాలని ఆయనకి తెలియదా? తెలుసు. కానీ అల్లుడుగారు తింటున్నారు. గోదావరి జిల్లాలో అల్లుడు తినేదాన్ని మామ ఉమ్మెయ్యడమనేది లేదు.

ఇంతలో కుర్రాడొచ్చాడు, అంతా బాగుందా అంటూ. ఖాళీ ప్లేటు కోసం చెయ్యి చాచి, దాన్నిండా చిప్స్ చూసి, మా ప్లేట్లు చూసి, మా ఇద్దరి మొహాలూ చూశాడు. ఒక్కమాట అనకుండా మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. మర్యాదస్తుడు.

ఆ రాత్రి నిద్రపట్టక ఫోన్‌లో వెతికితే ప్రాణం లేచొచ్చింది. 1976 ఏప్రిల్‌లో, అప్పటి అమెరికా అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఎన్నికల ప్రచారానికి వచ్చి, ఇదే టెక్సాస్‌లో, మాకు కారులో ఐదు గంటల దూరంలో ఉన్న శాన్ ఆంటోనియోలో, టమాలీని ఆకుతో సహా కొరికేశాడు. అందరూ చూస్తుండగా. తెల్లారగానే కాఫీ దగ్గర ఈ సంగతి ప్రకటించాను.

"తర్వాత ఆయన గెలిచాడా?" అంది మా ఆవిడ.

టెక్సాస్‌లో సొంత పార్టీ పోటీలో రీగన్ చేతిలోనూ, నవంబర్‌లో అసలు ఎన్నికల్లో కార్టర్ చేతిలోనూ ఓడిపోయాడు. ఆ ముక్క నేను చెప్పదలుచుకోలేదు గానీ చెప్పాల్సొచ్చింది.

మామగారు పళ్ళు పుల్లతో కుట్టుకుంటూ చాలాసేపు ఆలోచించారు.

"అప్పుడు ఆయన పక్కన వాళ్ళ మామగారు కూడా ఉన్నారా అల్లుడుగారూ?" అన్నారు.