మహారాజశ్రీ టెక్సస్ లీగ్ గారి దివ్యసముఖమునకు

టెక్సస్‌లో, డల్లస్ పక్కనున్న ఫ్రిస్కోలో కాపురముంటున్న ఒక తెలుగువాడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ తమరు క్షేమమని తలుస్తాను. ఉభయకుశలోపరి.

క్షేమమన్నది మర్యాదకు రాశాను. తమరి సంగతి మాకు తెలియనిది కాదు.

తమరు 1888లో పుట్టిన బేస్‌బాల్ లీగు. పెద్ద లీగునని చెప్పుకునే అమెరికన్ లీగ్ కన్నా వయసులో పెద్దవారు. అయినా ఇంట్లో తమరి మాట చెల్లదు. 2020లో పెద్ద లీగులను నడిపే మేజర్ లీగ్ బేస్‌బాల్ వారు పాత ఒప్పందం గడువు తీరిపోనిచ్చి, తమ కింద ఆడే 160 జట్లను 120కి కోసేశారు. తమరు బతికి బట్టకట్టారు గానీ పేరు పోయింది. 2021లో తమరి పేరు ‘డబుల్-ఎ సెంట్రల్’. (డబుల్-ఎ అంటే పెద్ద లీగుకు రెండు మెట్లు కింద, మధ్య మెట్టు ట్రిపుల్-ఎ.) నూట ముప్పై దాటిన ముసలాయనకు ఆఫీసు ఫోల్డరు పేరు! మరుసటి ఏడు జాలిపడి పాత పేరు తిరిగిచ్చారు. పోయినప్పుడూ తమరు కిమ్మనలేదు, వచ్చినప్పుడూ కిమ్మనలేదు.

తిరిగొచ్చిన పేరైనా నిజమా అంటే అదీ సగమే. జట్లు పదయితే టెక్సస్‌లో ఉన్నవి అయిదు. మిగతా అయిదూ ఆర్కన్సా, మిస్సోరీ, ఓక్లహోమా, కాన్సస్‌లలో ఉన్నాయి. పోనీ, దూరం చుట్టరికమని సరిపెట్టుకుంటాం.

నిజానికి మా ఫ్రిస్కోలో తమరి వ్యవహారం అర్థం కావడానికి బేస్‌బాల్ తెలియక్కర్లేదు. కన్సల్టెన్సీలో పనిచేసి ఉంటే చాలు. ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ చొక్కా తొడుక్కున్న కుర్రాడు రఫ్‌రైడర్స్ ఉద్యోగి కాదు. జీతమిచ్చేదీ, ఏ స్థానంలో ఆడాలో చెప్పేదీ, చెయ్యి అరిగిపోకుండా ఎన్ని బంతులు వేయాలో లెక్కగట్టేదీ ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ రేంజర్స్. మేనేజరూ వాళ్ళు పంపిన మనిషే. ఫ్రిస్కో జట్టు యజమానులకు మిగిలింది టికెట్లూ హాట్‌డాగులూ అమ్ముకోవడం. క్లయింట్ నుంచి, అంటే రేంజర్స్ నుంచి, ఫోన్ రాగానే కుర్రాడు సామాను సర్దుకుని ట్రిపుల్-ఎ మెట్టెక్కడానికి రౌండ్ రాక్ పోతాడు. వాడి స్థానంలో కింది మెట్టు నుంచి ఇంకొకడు ఎక్కి వస్తాడు. మేము వాడి పేరు పలకడం నేర్చుకునేసరికి వాడికీ ఫోన్ వస్తుంది.

ఇక తమరి ప్లేఆఫ్ (సీజన్ చివర కప్పు కోసం ఆడే ఆటలు) లెక్క చూడండి. సీజన్ను రెండు సగాలు చేసి, మొదటి సగంలో నెగ్గిన జట్టుకు సెప్టెంబరులో చోటు ఖాయం చేస్తారు. జూన్‌లో గెలిపించిన పిల్లల్లో బాగా ఆడినవాళ్ళు సెప్టెంబరు నాటికి పైకి పోయి ఉంటారు. జట్టుకు చోటుంటుంది, ఆ చోటు సంపాదించినవాళ్ళు ఉండరు. బాగా ఆడితే జట్టు ఖాళీ అవుతుందని తెలిసి కూడా బాగా ఆడమని అరిచే అభిమానులం మేము. మా తెలివితేటల గురించి తమరేమీ అనకపోవడం తమరి పెద్దరికం.

జీతాల దగ్గర మాత్రం మావాళ్ళకన్నా తమరి పిల్లలే అధ్వాన్నం. హెచ్-1బి వీసా మీద ఉన్నవాణ్ణి ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టినా జీతం ఇచ్చి తీరాలని చట్టం. (ఎందరిస్తున్నారన్నది ఇంకో ఉత్తరం.) తమరి పిల్లలకోసం కూడా అమెరికా కాంగ్రెస్ 2018లో ఒక చట్టం చేసింది. రెండు వేల పేజీలు దాటిన ఖర్చుల బిల్లులో ‘సేవ్ అమెరికాస్ పాస్‌టైమ్ యాక్ట్’ అని ఒకటి దూర్చారు. దాని ప్రకారం ఎన్ని గంటలు చెమటోడ్చినా వారానికి నలభై గంటల కనీస కూలి చాలు. ఓవర్‌టైమ్ లేదు. సీజన్‌కు ముందు శిక్షణకైతే ఆ కూలీ అక్కర్లేదు. జాతీయ క్రీడను కాపాడటమంటే ఆడేవాడి నుంచి కాపాడటమని మాకు అప్పుడు తెలిసింది. తమరి మెట్టు మీద 2019లో కనీస జీతం వారానికి 350 డాలర్లు, అదీ ఆటలున్న నెలల్లోనే. తర్వాత ఆటగాళ్ళు వేసిన కోర్టు కేసు 2022లో 18.5 కోట్ల డాలర్లకు రాజీ అయింది. అదే ఏడాది జట్లు బస చూపించడం మొదలుపెట్టాయి, ఆటగాళ్ళు యూనియన్‌లో చేరారు. 2023లో కనీస జీతం ఏడాదికి 30,250 డాలర్లయింది. ఇందులో తమరి ప్రమేయం వెతికాను, కనబడలేదు.

కొత్త నియమాలు పుట్టేదీ తమరి గడ్డమీదే. ఇన్ని సెకన్లలోపు బంతి వేసి తీరాలనే పిచ్ క్లాక్‌ను 2015లో తమరి మీదా ట్రిపుల్-ఎ మీదా పెట్టి చూశారు. బేసుల దగ్గర కాసే ఇన్‌ఫీల్డర్లు నలుగురూ మట్టి మీదే నిలబడాలన్న నియమాన్ని 2021లో తమరి మెట్టు మీదే పరీక్షించారు. రెండింటినీ 2023లో పెద్ద లీగులోకి తీసుకుపోయి, ఆటకు కొత్త ప్రాణం పోశామని చప్పట్లు కొట్టించుకున్నారు. మందు మింగింది తమరు, ఆరోగ్యం వాళ్ళది.

ఒకప్పుడు తమరికీ స్వతంత్రం ఉండేది. 1902 జూన్ 15, ఆదివారం. కార్సికానాలో ఆదివారం ఆట నిషేధం గనుక ఎనిస్ ఊళ్ళో ఆడారు. అక్కడ కుడివైపు కంచె మరీ దగ్గర. స్కోరు కార్సికానా 51, టెక్సార్కానా 3. క్యాచర్ జస్టిన్ క్లార్క్ ఒక్కడే ఎనిమిది హోమ్ రన్లు కొట్టాడు. ఇది చెబితే మా క్రికెట్ మిత్రులు ‘ఎన్ని ఓవర్లలో?’ అని అడుగుతారు. ఇప్పుడైతే ఆ పిచ్చర్ చెయ్యి కాపాడాలని రెండో ఇన్నింగ్స్‌కే పైనుంచి ఫోన్ వచ్చేది.

అలాగని పాత రోజులన్నీ బంగారమని కాదు. తమరి మొదటి నల్లజాతి ఆటగాడు డేవ్ హాస్కిన్స్ 1952లో డల్లస్ ఈగిల్స్ తరఫున దిగాడు. అంటే తమరు పుట్టిన 64 ఏళ్ళకు. ష్రీవ్‌పోర్ట్‌లో ఆడితే చంపుతామని ఉత్తరాలొచ్చాయి. అతను వెళ్ళి బంతులు వేశాడు, ఆ ఏడాది 22 ఆటలు గెలిచాడు. ఆ ఆలస్యం మాత్రం ఎవరో ఫోన్ చేసి చెప్పింది కాదు.

ఇన్ని తిట్టినా టికెట్లు కొంటూనే ఉన్నాం. మా మైదానంలో కంచె వెనక 2016 నుంచి జనం తేలుతూ తిరగడానికి ఒక నీటి కాలవ ఉంది, పిల్లలు ఆట వైపు వీపు పెట్టి అందులో ఈదుతారు. శాన్ ఆంటోనియోలో టాకో అనే మెక్సికన్ తినుబండారం వేషం వేసిన మనిషిని ఒక బుడతడు బేసుల చుట్టూ తరిమి కింద పడేస్తాడు. ఆ జట్టే కొన్ని రోజులు ‘ఫ్లయింగ్ చాంక్లాస్’ అని పేరు మార్చుకుని ఆడుతుంది, మెక్సికన్ అమ్మమ్మలు విసిరే చెప్పు పేరుతో. మా అమ్మమ్మ గురి చూసి ఉంటే డబుల్-ఎలో ఆపకుండా నేరుగా ఆర్లింగ్టన్‌కే తీసుకుపోయేవారు.

చివరగా ఒక్క మనవి. మంగళవారం నుంచి ఆదివారం దాకా ఒకే జట్టుతో ఆరు ఆటలు తమరి పద్ధతి. వచ్చే వారం విచిటా జట్టువాళ్ళొస్తున్నారు. క్రికెట్ తప్ప ఇంకోటి చూడని పక్కింటివాళ్ళను బతిమాలి శనివారం ఆటకు ఒప్పించాను. రెండు, మూడు బేసుల మధ్య కాసే మా షార్ట్‌స్టాప్ ఇప్పుడు మహా జోరు మీదున్నాడు, వాణ్ణి చూపిస్తానని మాటిచ్చాను. దయచేసి శనివారం రాత్రి దాకా ఆ సంగతి ఆర్లింగ్టన్‌లో ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
ఫస్ట్ బేస్ వెనక చవక సీట్లవాడు

తా.క.: చెప్పక తప్పకపోతే, వాడి బదులు వచ్చే కుర్రాడి పేరైనా శుక్రవారానికల్లా పంపండి. పలకడం నేర్చుకోవాలి.