ప్రిపరేషన్‌లో ఉన్నాడు

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాలేజీకి వెళ్లే పిల్లాడి గురించి ఎవరు ఆరా తీసినా ఇంట్లోంచి వచ్చే జవాబు ఒకటే.

"ఏటి సేస్తన్నాడు మీ వోడు?"

"పిపరేషన్లో ఉన్నాడు బావూ."

దేనికని అడగడం మర్యాద కాదు. గ్రూప్-2 కావచ్చు, బ్యాంకు కావచ్చు, రైల్వే కావచ్చు, డీఎస్సీ కావచ్చు. చెప్పేవాళ్లకి తెలీదు, అడిగేవాళ్లకి అక్కర్లేదు, అందులో ఉన్నవాడికి ఇంకా తేలలేదు. జీతం ఒక్కటి తప్ప ఉద్యోగానికి ఉండాల్సిన హంగులన్నీ దీనికి ఉన్నాయి. హోదా ఉంది. పెళ్లిళ్లకి వెళ్లకుండా తప్పించుకునే వీలుంది. ఊడుపుల రోజుల్లో పొలానికి రమ్మని పిలవకూడదన్న కట్టుబాటు కూడా ఉంది. ఇంత గౌరవనీయమైన వృత్తికి కాలేజీ అడ్డొస్తోందని, క్లాసులూ ఫెస్టులూ ఎన్‌ఎస్‌ఎస్‌లూ కలిసి ప్రిపరేషన్‌ని మింగేస్తున్నాయని విద్యార్థి లోకం గగ్గోలు పెడుతోంది. నిష్పక్షపాతంగా విచారించగా తేలిందేమిటంటే, మింగుతున్నది కాలేజీ కాదు. ప్రిపరేషనే.

మొదట టైంటేబుల్ సంగతి. ఇది ఆదివారం రాత్రి పుడుతుంది. కావలసిన సామగ్రి: ఎ4 కాగితం, స్కేలు, నాలుగు రంగుల పెన్నులు, మూడు గంటల సమయం. తెల్లవారుజామున 4:30కి పాలిటీ, 6కి రీజనింగ్, కాలేజీ నుంచి వచ్చాక 5:30కి ఎకానమీ, 7కి ఇంగ్లిషు, 8:30కి కరెంట్ అఫైర్స్, 10కి రివిజన్. చూడముచ్చటగా ఉంటుంది. ఎచ్చెర్ల నుంచి ఆమదాలవలస చేరడానికి పట్టే టైము అందులో ఉండదు. ల్యాబ్ రికార్డు ఉండదు. ఫోను అసలే ఉండదు. గడులన్నీ నింపేయడమే దాని జబ్బు. సోమవారం ఒక్క గడి తప్పితే వెనకున్నవన్నీ దాని మీద పడతాయి, బుధవారానికల్లా ప్రాణం పోతుంది. రోజుకి గంటన్నర మాత్రమే రాసుకుని, వారంలో ఒక పూట పాతబాకీలకి ఖాళీగా వదిలేస్తే బతుకుతుంది. కానీ అలాంటిదాన్ని గోడకి అంటిస్తే చూసినవాళ్లు ఏమనుకుంటారు?

టైంటేబుల్ చచ్చిన ప్రతిసారీ చదువు మళ్లీ మొదటి పేజీ నుంచి ఎత్తుకోవాలన్నది ఆచారం. మొదటి పేజీలో సింధు నాగరికత ఉంటుంది. హరప్పాని 1921లో దయారాం సాహ్ని తవ్వించాడు, ఆ మరుసటేడు మొహెంజొదారోని రాఖల్‌దాస్ బెనర్జీ తవ్వించాడు. ఆ తర్వాత వాటిని అంత పట్టుదలగా, అన్నిసార్లు తవ్వింది మన కుర్రాళ్లే. లోథాల్‌లో ఓడల రేవు, కాలీబంగన్‌లో దున్నిన పొలం జాడలు, ధోలావీరాలో నీటి తొట్లు - నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఢిల్లీ సుల్తానుల దాకా వచ్చినవాడు అరుదు. మొఘలుల ముఖం చూసినవాడిని సీనియర్ అంటారు. వంశధార ఒడ్డున శాలిహుండంలో బౌద్ధ స్తూపాలున్నాయనీ, ముఖలింగం పరిసరాల నుంచే తూర్పు గాంగులు కళింగాన్ని ఏలారనీ మాత్రం వీళ్ల దాకా రాలేదు, అవి పుస్తకంలో బాగా వెనక్కి ఉంటాయి కాబట్టి. గ్రూప్-2 మెయిన్స్‌లో ఆంధ్రప్రదేశ్ చరిత్రకి 75 మార్కులు. ప్రిలిమ్స్‌లో భారతదేశ చరిత్ర మొత్తానికి కలిపి 30. ఆ ముప్పైలో సింధు వాటా ఎంతో లెక్కేయడానికి కాలిక్యులేటరు అక్కర్లేదు.

లెక్క అంటే గుర్తొచ్చింది. "ఆప్టిట్యూడ్ రాదు సార్" అని వాపోయే వాళ్లందరినీ ఒకసారి అటెండెన్స్ షీటు ముందు నిలబెట్టి చూడాలి. సెమిస్టరుకి 16 వారాలు, వారానికి 36 పీరియడ్లు అనుకుంటే మొత్తం 576. అందులో 75 శాతం అంటే 432. మిగిలిన 144 పీరియడ్లు, రోజుకి ఆరు చొప్పున 24 రోజులు, రాజ్యాంగం ప్రసాదించిన హక్కు. 65కీ 75కీ మధ్య పడితే మెడికల్ సర్టిఫికెట్టు, కండొనేషన్ ఫీజు, అంటే హాజరు తగ్గినందుకు క్షమాపణ రుసుము. 65 కిందకి జారితే డిటెన్షన్, పరీక్షే రాయనివ్వరు. ఈ లెక్కంతా వెనక బెంచీలో కాగితం ముట్టకుండా నడుస్తుంది. ఇప్పటిదాకా జరిగిన 100 పీరియడ్లలో 60కే వెళ్లినవాడు, ఇక మానకుండా ఎన్నిటికి వెళితే 75 శాతం అవుతుంది? 15 అని తొందరపడేవాడు ఫస్టియర్. వెళ్లినవీ పెరుగుతాయి, జరిగినవీ పెరుగుతాయి కనక 60 కావాలని, అంటే పది రోజులు కదలకుండా కూర్చోవాలని, సెకండియర్‌వాడు టీ గ్లాసు కింద పెట్టకుండా చెబుతాడు. ఇదే లెక్కని బ్యాంకు పరీక్షలో "40 శాతం నీళ్లు కలిసిన 100 లీటర్ల పాలలో ఇంకెన్ని లీటర్ల పాలు పోస్తే పాలు 75 శాతం అవుతాయి?" అని అడుగుతారు. అక్కడ మనవాడు చేతులెత్తేస్తాడు. పాలు మనవి కావు కదా.

సెమిస్టరు మధ్యలో పెట్టే మిడ్ పరీక్షలదీ అదే తంతు. జేఎన్‌టీయూ లెక్కలో బాగా రాసిన మిడ్‌కి 80 శాతం, రెండోదానికి 20 శాతం. ముప్పైకి ఒకదాంట్లో 26, ఇంకోదాంట్లో 10 వస్తే 20.8కి 2 కలిపి 22.8, దయతలిస్తే 23. దీన్నే వెయిటెడ్ యావరేజ్ అంటారని వాడికి చెప్పకండి, భయపడతాడు. పాసవడానికి 40 కావాలి, 23 చేతిలో ఉన్నాయి, సెమ్‌లో 17 తెస్తే చాలనుకుని నిద్రపోయినవాడికి, 70 మార్కుల సెమ్ పరీక్షలో 35 శాతం విడిగా తెచ్చుకోవాలన్న షరతు, అంటే 25 మార్కుల సంగతి, రిజల్టు రోజున తెలుస్తుంది. ప్రశ్న చివర్లో ఉన్న షరతు చదవకపోతే ఏమవుతుందో ఇంత గట్టిగా నేర్పే కోచింగ్ సెంటరు ఎక్కడా లేదు, ఫీజు మాత్రం సప్లిమెంటరీకి కట్టాలి.

ఇక సేవ. ఎన్‌ఎస్‌ఎస్‌కి రెండేళ్లలో 240 గంటలు, పైన ఏడు రోజుల శిబిరం. డిగ్రీవాళ్లకి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు 180 గంటలు. ఏరోజుకారోజు రాయాల్సిన లాగ్‌బుక్కు గడువుకి ముందు రాత్రి ఆరు గంటల్లో పూర్తవుతుంది. గంటకి 30 గంటల సేవ అన్నమాట. కాలం-పని లెక్కల్లో ఎ, బి, సి ముగ్గురూ కలిసినా ఈ వేగం అందుకోలేరు.

ఫెస్టు కమిటీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రీజనింగ్ అంతా అక్కడే ఉంది. ఫ్లెక్సీలో ఎనిమిది ఫొటోలు పట్టాలి. ప్రిన్సిపాల్ మధ్యలో ఉండాలి. స్పాన్సర్ షాపు యజమాని అంచున ఉండకూడదు. మాజీ ప్రెసిడెంటు, తాజా ప్రెసిడెంటు పక్కపక్కన ఉండకూడదు. మెకానికల్ హెచ్‌ఓడీ ఫొటో సివిల్ హెచ్‌ఓడీ ఫొటో కన్నా అంగుళం కూడా చిన్నది కాకూడదు. రాత్రి పదకొండింటికి ప్రింటింగ్ షాపు స్టూలు మీద కూర్చుని, డిజైనర్ విసుక్కుంటుంటే, ఇరవై నిమిషాల్లో ఈ ముడి విప్పేసిన అమ్మాయి, పరీక్ష హాల్లో "ఎనిమిది మంది ఒక వరుసలో కూర్చున్నారు" అని చూడగానే తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోతుంది. ఇంటర్వ్యూలోనూ ఇంతే. రెజ్యూమెలో "ఫెస్ట్ కో-ఆర్డినేటర్" అని రెండు ముక్కలు రాసి ఊరుకుంటుంది. ఎన్ని షాపులెక్కింది, ఎంత వసూలైంది, ఎంత మిగిలింది అన్న మూడు అంకెలు రాస్తే అడగడానికి వాళ్లకీ ఏదో ఉంటుంది, చెప్పడానికి తనకీ ఉంటుంది. కానీ అది ప్రిపరేషన్ కాదాయె, ప్రోగ్రాం.

ఆమదాలవలసలో పాసింజరెక్కి విజయనగరం వెళ్లేవాళ్లది మరో గోడు. పొందూరు, సిగడాం, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల. వెనకాల సూపర్‌ఫాస్ట్ వస్తోందంటే మన బండిని లూప్‌లైన్లో తోసేస్తారు. ఇరవై నిమిషాలు. ఐబీపీఎస్ జరిపే బ్యాంకు పీఓ (ప్రొబేషనరీ ఆఫీసర్) ప్రిలిమ్స్‌లో ఒక్కో సెక్షనుకి ఇచ్చేదీ సరిగ్గా ఇరవై నిమిషాలే. ఇంగ్లిషుకి 30 ప్రశ్నలు, లెక్కలకీ రీజనింగ్‌కీ చెరో 35. బండి కదిలేలోగా ఒక సెక్షను అయిపోతుంది. అయితే పెద్దల అభిప్రాయం ప్రకారం రైల్లో చదివింది చదువు కాదు. కుర్చీ ఉండాలి, టేబుల్ లైటు ఉండాలి, హైలైటరు ఉండాలి. జిల్లా గ్రంథాలయంలో బస్సు సీటుకి తుండుగుడ్డ వేసినట్టు కుర్చీ మీద లావుపాటి పాలిటీ పుస్తకం వేసి, టీకి వెళ్లాలి.

మాక్ టెస్టులకి ఇక్కడ ఎక్కువ చోటివ్వనక్కర్లేదు. రాస్తారు, స్కోరు స్టేటస్ పెడతారు, తప్పులు మాత్రం తెరిచి చూడరు. 150 ప్రశ్నల్లో 70 ఒప్పు, 60 తప్పు అయితే తప్పుకి మూడో వంతు మార్కు కోత కింద 20 పోయి 50 మిగులుతాయి. నాలుగు ఆప్షన్లలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ఒక్కటి తప్పని కచ్చితంగా తెలిసినా లాభమే. బాధేమిటంటే, అలా కొట్టేయడానికి సింధు దాటి చదివి ఉండాలి.

కనుక విశ్వవిద్యాలయాల వారికి సవినయంగా విన్నవించుకునేది: క్యాంపస్‌లో ప్రిపరేషన్‌ని తక్షణం నిషేధించాలి. హాస్టళ్లలో ఫ్లయింగ్ స్క్వాడ్లు దించి, గోడల మీది టైంటేబుళ్లు పీకించి, రంగుల పెన్నులు స్వాధీనం చేసుకోవాలి. ఒక్కొక్కరి ఫోనులో రెండుకి మించి టెలిగ్రామ్ పీడీఎఫ్ గ్రూపులు దొరికితే అపరాధ రుసుము వేయాలి. అటెండెన్స్ లెక్కలు, ఫ్లెక్సీలు, లాగ్‌బుక్కులు, పాసింజరు ప్రయాణాలు యథావిధిగా కొనసాగించవచ్చు.

ఈ విన్నపం సిండికేటు దాకా వెళ్లేలోపు, విజయనగరంలో ఒక గదిలో కొత్త టైంటేబుల్ తయారైపోయింది. సోమవారం తెల్లవారుజామున 4:30కి మొదలు. తీరా చూస్తే సోమవారం పైడితల్లమ్మ జాతర తొలేళ్లు. మంగళవారం సిరిమాను. వచ్చిన చుట్టాలు బుధవారం గానీ కదలరు. గురువారం నుంచంటే వారం మధ్యలో మొదలెట్టినట్టవుతుంది. పోనీ వచ్చే సోమవారం అనుకుంటే ఆ మర్నాడే పెద్దచెరువులో తెప్పోత్సవం. కాగితం మాత్రం గోడకి అంటించేశారు, నాలుగు మూలలా టేపు గట్టిగా వేసి.