‘చిటికెడు మందు’ మెసేజ్‌కు నా జవాబు

నిన్నటితో నాలుగోసారి వచ్చింది ఆ మెసేజ్, ఈసారి మా చిన్నాన్న దగ్గర్నుంచి. "చెరువుల్లో, వాగుల్లో మందులు కలుస్తున్నాయని టెన్షన్ పడకండి" అని మొదలై ఐదు పాయింట్లు చెప్తుంది. ఫోన్లో ఆయనకు ఇదంతా చెప్పలేను కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

"మనుషుల్ని బతికించే మందు పురుగుల్ని చంపుతుందా?", "స్విమ్మింగ్ పూల్‌లో చిటికెడు, దానికింత గోలా?" ఈ రెండూ కలిపే చూద్దాం, అన్నిట్లోకి ఎక్కువ చేటు చేసే మాటలు ఇవే. గేదెలకు గోమార్లు పోవడానికి వేసే ఐవర్‌మెక్టిన్ ఉంది కదా, పురుగుల నరాల్లో అది ఏ ద్వారాన్ని పట్టుకుంటుందో ఆ ద్వారం మనకూ గేదెకూ లేదు, అందుకే మనకేం కాదు. మందు చాలావరకు మారకుండానే పేడలో బయటికొస్తుంది, వాన పడితే చెరువులోకి పోతుంది. అక్కడ డాఫ్నియా ఉంటుంది, అక్వేరియం పెట్టినవాళ్లకు తెలుసు, ఆవగింజంత జీవి, భూతద్దం పెట్టి చూస్తే ఒంట్లో గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. లీటరుకు 5.7 నానోగ్రాముల (నానోగ్రాము అంటే గ్రాములో వందకోట్లో వంతు) ఐవర్‌మెక్టిన్ కలిపితే 48 గంటల్లో వాటిలో సగం చచ్చిపోయాయి. లెక్కేస్తే ఒక్క గ్రాము 17 కోట్ల లీటర్లకు సరిపోతుంది, అంటే దాదాపు 70 ఒలింపిక్ పూల్స్! దయచేసి ఇంకోసారి చిటికెడు అనకండి.

చావకపోయినా నష్టమే. డిప్రెషన్‌కు వాడే వెన్లఫాక్సిన్ కలిసిన నీళ్లలో నత్తలు పట్టు తప్పి ఊడిపోయాయి. పారే వాగులో పట్టు తప్పిన నత్త కొట్టుకుపోవడమే.

"పురుగులు పోతే దోమలూ పోతాయి" అట. దోమ పిల్లల్ని తినేది తూనీగ పిల్లలు. దీనికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

"ఇదంతా విదేశాల గొడవ, మన దగ్గర లేదు" అన్నదానికి మాత్రం ఒళ్లు మండింది. హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో దాదాపు 90 మందుల కంపెనీల వ్యర్థజలం వచ్చే ప్లాంటు నుంచి, అదీ శుద్ధి చేశాక వదిలిన నీళ్లలో, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఒక్క రోజులో 45 కిలోలు, స్వీడన్ దేశమంతా ఐదు రోజులు వాడేంత. ఆ నీళ్లను పదింతలకు పైగా పలుచన చేసినా డాఫ్నియాల్లో సగం కదలిక ఆపేశాయి. ఆ నీళ్లు అప్పట్లో పోయింది ఇసుకవాగు, నక్కవాగు మీదుగా మంజీర నదిలోకి. విదేశాల గొడవ ఎలా అవుతుంది?

చివరి పాయింట్, "మందులు ఇళ్ల నుంచీ వస్తాయి" అన్నది నిజం, ఒప్పుకుంటున్నా. మెల్‌బోర్న్ దగ్గర ఆరు వాగుల్లోని పురుగుల్లో 98 రకాల మందుల కోసం వెతికితే 69 దొరికాయి, 2018లో ప్రచురించారు. రెండేళ్ల కింద నాన్నగారి ఎక్స్‌పైరీ అయిన బీపీ మాత్రలు నేనే కమోడ్‌లో వేసి ఫ్లష్ కొట్టాను, తప్పు చేశాను. కానీ "కాబట్టి కంపెనీల్ని అనొద్దు" అని మెసేజ్ తేల్చేసింది చూడండి, అది ఒప్పుకోను. నేను పడేసింది రెండు స్ట్రిప్పులు. పటాన్‌చెరులో అప్పట్లో రోజుకు 45 కిలోలు, ఒక్క మందే.