ఆయా–నియంత ప్రేమకథ ఫార్ములా గారికి బెంగళూరు నుంచి

ఫార్ములా గారూ,

మీరు ఏ దేశానికెళ్లినా అదే సరంజామా. మొహం మాడ్చుకుని తిరిగే పెద్దాయన, తల్లి లేని పిల్లలు, మధ్యలో వసపిట్టలాంటి అమ్మాయి. ఇంటర్వెల్ లోపు పిల్లలు దారికొస్తారు, తర్వాత ఆయన.

మీ వంశం పాతదేనని తెలుసు. 1862లో అన్నా లియోనోవెన్స్ అనే టీచరమ్మ సయాం (ఇప్పటి థాయిలాండ్) రాజు మోంగ్‌కుట్ గారి పిల్లలకి చదువు చెప్పడానికి బ్యాంకాక్ వెళ్తే, ఆమె రాసుకున్న నాలుగు ముక్కలకి మీరు ఉప్పూకారం దట్టించారు. ఎంత దట్టించారంటే, 1999లో ఆ కథమీద వచ్చిన సినిమాని థాయిలాండ్ నిషేధించింది. అంతకు రెండేళ్ల ముందు, 1997లో, ‘ద బ్యూటీషియన్ అండ్ ద బీస్ట్’ తీశారు. రెండుసార్లు జేమ్స్ బాండ్ వేసిన తిమోతీ డాల్టన్ స్లొవెట్జియా అనే లేని దేశానికి నియంత, న్యూయార్క్‌లో బ్యూటీషియన్ పని నేర్పే ఫ్రాన్ డ్రెషర్‌ని బడి టీచరనుకుని పిల్లల కోసం పట్టుకెళ్తారు. ఆమె ఊరుకుంటుందా, ఫ్యాక్టరీవాళ్లని యూనియన్ పెట్టుకోమంటుంది, చివరికి వ్యవహారం ఎన్నికలదాకా వస్తుంది. ప్రజాస్వామ్యం ఇంత చవగ్గా వస్తుందని తెలియక జనం అనవసరంగా జైళ్లకెళ్లారండీ. (నవ్వొచ్చిన మాట నిజమే, డాల్టన్ ఆ గంభీరమైన మొహం పెట్టుకునే కామెడీ చేస్తాడు.)

మా బాబుని చూసుకునే అక్కది మదనపల్లె. రాగిజావ రెండు గ్లాసుల్లో తిరగబోసి చల్లారుస్తూ సగం సినిమా చూసింది. ఆ కోట చూడగానే, “అంతింట్లో ఊడ్చేదానికి వేరే మనిషి ఉండాదా, అదీ ఈమేనా?” అంది. వాళ్లిద్దరూ డాన్స్ చేస్తుంటే మేము మురిసిపోతున్నాం, ఆమె మాత్రం గ్లాసు కింద పెట్టి, “పెండ్లి చేసుకుంటే ఇంక జీతం ఈడు గదమ్మా” అంది.

ఆ మాటకి మీ దగ్గర సమాధానం ఉందా? నూట అరవై ఏళ్లుగా మీరు పిల్లల్ని చూసుకునే మనిషికి గౌను కుట్టించారు, పాట రాయించారు, కిరీటం కూడా పెట్టబోయారు, వారానికో సెలవు మాత్రం ఎప్పుడూ గుర్తురాలేదు. కర్ణాటక ప్రభుత్వం ఇంటిపనివాళ్లకి కనీస వేతనాలు 2004లోనే నోటిఫై చేసింది, మా బ్లాకులో ఆ సంగతి ఎత్తితే అందరికీ అర్జెంటు ఫోన్లొస్తాయి. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం ప్రత్యేకంగా 189వ ఒప్పందం తెచ్చింది, మన దేశం అనుకూలంగా ఓటేసి వచ్చింది గానీ ఇంతవరకు ఆమోదముద్ర వెయ్యలేదు. నిశ్చితార్థం చేసుకుని ముహూర్తం దాటేసే పెళ్లికొడుకులు మీ సినిమాల్లోనే ఉంటారనుకున్నా.

ఈసారి కథ బెంగళూరులో పెట్టండి. సదాశివనగర్ బంగళాలు మాకెలాగూ అందవు కాబట్టి, నియంతగా మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ప్రెసిడెంటు గారున్నారు. మాజీ కాదు, ఆజీవం. పనివాళ్లు మెయిన్ లిఫ్టు ఎక్కకూడదని బోర్డు పెట్టించిన మహానుభావుడు, చిరునవ్వు మెయింటెనెన్సు కట్టినవాళ్లకే. మీ హీరోయిన్ని పంపండి, ఆయన్ని మార్చుకోనివ్వండి. కాకపోతే ఆయన ఉండేది పద్నాలుగో అంతస్తు, సర్వీసు లిఫ్టు రిపేరులో ఉంది, మెట్లెక్కి వచ్చిన మనిషికి వెంటనే పాట పెట్టకండి, ముందు మంచినీళ్లివ్వండి.

ఇట్లు,
మారతహళ్లి నుంచి ఒక ప్రేక్షకురాలు