సవరణ: పర్లాకిమిడి వైపు పల్లెల లెక్కలు

పర్లాకిమిడి కేంద్రంగా ఉన్న ఒడిశాలోని గజపతి జిల్లా పల్లెల జనాభాపై మొన్నటి పోస్టులో "2011 జనగణన ప్రకారం ఎస్సీ, ఎస్టీలు పోగా మిగిలినవాళ్ళంతా తెలుగు బీసీలే" అన్న వాక్యం తీసేశాం. జనగణన ఊరివారీ పట్టికలో కులాల వరకు ఎస్సీ, ఎస్టీ సంఖ్యలే ఉంటాయి; బీసీ, మాతృభాష కాలమ్‌లు అసలుండవు. పైగా ఎస్సీ హోదాకి మతం షరతు పెట్టిన 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవ దళితులు ఎస్సీ లెక్కలోకి రారు, ఆ 'మిగిలిన' వాళ్ళలోనే కలిసిపోతారు. ఎస్టీకి ఆ షరతు లేదు, కాబట్టి చర్చికి వెళ్ళే సవర గిరిజనులూ ఎస్టీలే. ఇక భాషంటారా, ఒకే గుమ్మంలో నాయనమ్మ తెలుగులో కేకేస్తే మనవడు ఒడియాలో పలుకుతాడు. జనగణనకి వచ్చిన ఎన్యూమరేటర్‌కి ఏది చెబితే అదే మాతృభాషగా రాసుకుంటారు. 2011లో జిల్లా జనాభా 5,77,817, అందులో సగానికి పైగా ఎస్టీలు అన్న వాక్యంలో మార్పు లేదు.